తిరిగి చెప్పే మాటలను ఆపకండి, అవి ఎక్కడ పుట్టాయో వెతకండి

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆటిజం ఉన్నట్టు తేలిన ఆరేళ్ల బాబు. "నీళ్లు కావాలా?" అని అడిగితే "నీళ్లు కావాలా" అనే అంటాడు. రైల్వే స్టేషన్లో విన్న హిందీ ప్రకటనను ఇంట్లో కూర్చుని పదే పదే అప్పజెబుతాడు. బడిలో ఒడియా మాస్టారు అన్న మాటలను రాత్రి పడుకునే ముందు అంటాడు. చుట్టాలు చిలక పలుకులంటున్నారు. బడివాళ్లు బడే మాన్పించమన్నారు. ఒక థెరపిస్టు ఇంట్లో తెలుగు మానేసి ఒడియా ఒక్కటే మాట్లాడమన్నారు. "ఈ అలవాటు ఎలా పోగొట్టాలి? వీడికి అసలు ఏమైనా అర్థమవుతోందా?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

అమ్మా, పోగొట్టే ప్రయత్నం చేయకండి. మీ బాబు చేతిలో ప్రస్తుతం ఉన్న భాష అదే. దాన్ని ఆపమంటే మాట్లాడటమే మానుకోమన్నట్టు. ఆ మాట మొదట ఏ సందర్భంలో అతని చెవిన పడింది, ఇప్పుడు ఏ సందర్భంలో బయటికి వస్తోంది అన్న రెండూ పట్టుకుంటే, అతను చెప్పదలచుకున్నది చాలావరకు మీకే తెలిసిపోతుంది. నేను పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ వైపు పిల్లలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న స్పీచ్ థెరపిస్టును. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫోనులో హిందీ వింటూ పెరిగే పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్ల అమ్మానాన్నలతో నేను చేసే పనిలో సగం ఈ వెతుకులాటే.

విన్న మాటను తిరిగి చెప్పడాన్ని వైద్యులు ఎకోలాలియా అంటారు. విన్న వెంటనే చెప్పడం ఒక రకం, గంటలకో నెలలకో చెప్పడం ఇంకో రకం. మాటలు నేర్చుకునే పిల్లలందరూ రెండున్నర, మూడేళ్ల దాకా కొంత ఇలాగే చేస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది ఇంకా ఎక్కువ కాలం, ఇంకా పెద్ద పెద్ద ముక్కలుగా సాగుతుంది. వాళ్లలో కొందరు మాటలను ఒక్కొక్కటిగా ఏరుకోరు. పూర్తి వాక్యాన్ని, అది అన్నవాళ్ల గొంతుతో, ఆ ఎత్తుపల్లాలతో సహా దాచుకుంటారు. ఆ వాక్యం లోపల విడి మాటలున్నాయని వాళ్లకు తర్వాత తెలుస్తుంది.

దీన్ని పనికిరాని వాగుడుగా చూసిన కాలం ఒకటుంది. 1981లో అమెరికాలో బ్యారీ ప్రిజాంట్, జూడిత్ డూకన్ అనే ఇద్దరు పరిశోధకులు నలుగురు ఆటిజం పిల్లల మాటలను నిశితంగా గమనించారు. వెంటనే తిరిగి చెప్పడంలోనే ఏడు రకాల పనులు కనిపించాయి. మాట్లాడే వంతు అందుకోవడం, అవునని చెప్పడం, అడగడం, తనకు తాను అర్థం చేసుకోవడానికి సమయం తీసుకోవడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం వంటివి. ఆలస్యంగా తిరిగి చెప్పే మాటలపై 1984లో ప్రిజాంట్, ప్యాట్రిక్ రైడెల్ చేసిన పరిశీలనలో పద్నాలుగు రకాలు తేలాయి. మరి మీ చేతిలోని నివేదికలో ఇది లోపాల వరుసలో ఎందుకుందని మీరు అడగవచ్చు. ఆటిజాన్ని అంచనా వేయడానికి సికింద్రాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారు చేసిన ఐసా కొలమానంలో నలభై అంశాలుంటాయి. విన్నమాట తిరిగి చెప్పడం వాటిలో ఒకటి. ఆటిజాన్ని గుర్తించడానికి అదొక ఆనవాలు, అంతే. ఆనవాలుగా రాసుకున్న ప్రతిదాన్నీ తుడిచేయాలని ఆ కొలమానం ఎక్కడా చెప్పదు.

ఇప్పుడు మీ బాబు "నీళ్లు కావాలా" సంగతి. అతను ప్రశ్న అడగడం లేదు, మిమ్మల్ని వెక్కిరించడమూ లేదు. "అవును, కావాలి" అంటున్నాడు. ఆటిజం గురించి 1943లో వివరంగా రాసిన వైద్యుడు లియో కానర్ అప్పుడే ఈ సంగతి గమనించాడు. ఈ పిల్లలు అవునని చెప్పడానికి ప్రశ్ననే తిరిగి చెబుతారని రాశాడు. ఆయన చూసిన పదకొండుమంది పిల్లల్లో మొదటివాడు డోనాల్డ్. అవును అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని తండ్రి అతనికి నేర్పాడు. దాంతో ఆ పిల్లవాడికి "అవును" అంటే నాన్న భుజమెక్కడం అన్న ఒక్క అర్థమే మిగిలింది. ఆ డోనాల్డ్ ట్రిప్లెట్ పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అందరు పిల్లల దారీ అలాగే ఉంటుందని నేను చెప్పను. ఆరేళ్లకు ఇలా మాట్లాడుతున్నాడు కాబట్టి ఇక ఇంతేనని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు, ఒక సౌకర్యం ఉన్నాయి. "నువ్వు", "నేను" మనం పెద్దగా వాడం. ఎవరి గురించి మాట్లాడుతున్నామో క్రియ చివరే చెబుతుంది. "అన్నం తింటావా?" అని మీరు అడుగుతారు. బాబు ఆకలేసినప్పుడు మీ దగ్గరికి వచ్చి "అన్నం తింటావా" అంటాడు. తాతగారి దగ్గరికీ వెళ్లి అదే అంటాడు. పెద్దవాళ్లను "నువ్వు" అంటున్నాడని ఇంట్లో ఎవరైనా నొచ్చుకుంటే, వాళ్లకు మీరే నచ్చజెప్పాలి. మర్యాద తప్పాలన్న ఆలోచన ఆ మాటలో లేదు. ఇంకోటి చూడండి. మనం మగపిల్లలను "నాన్నా" అని పిలుస్తాం. "తిను నాన్నా" అని మీరు ముద్దుగా అన్న మాటే అతని నోట ఆకలికి పేరైపోతుంది. వాళ్ల నాన్న ఎదురుగా "తిను నాన్నా" అంటే తనకు వడ్డించమని అడుగుతున్నాడని ఆయనకు ఎలా తెలుస్తుంది? చాలా ఇళ్లలో ఈ మాట నెలల తరబడి ఎవరికీ అందకుండా పోవడం నేను చూశాను.

సౌకర్యం ఏమిటంటే, పిల్లలకు రోజూ పనికొచ్చే తెలుగు మాటల్లో చాలావాటికి నేను, నువ్వు అన్న తేడాతో పని లేదు. కావాలి, వద్దు, చాలు, అయిపోయింది, ఆకలేస్తోంది, భయమేస్తోంది, నొప్పిగా ఉంది. వీటిని ఎవరు అన్నా రూపం మారదు. కాబట్టి బాబు గ్లాసు వైపు చూసినప్పుడు మీరు "నీళ్లు కావాలా?" అని అడగకండి. అతని తరఫున మీరే "నీళ్లు కావాలి" అనండి, గ్లాసు అందించండి. అతను ఎలాగూ విన్నదే తిరిగి చెబుతాడు. తిరిగి చెప్పినా సరిపోయే మాటనే అతనికి వినిపించండి. మళ్లీ చెప్పమని ఒత్తిడి చేయకండి. మీరు అన్నారు, గ్లాసు వచ్చింది, అది చాలు. కొన్ని వారాలకు "కావాలా" పోయి "కావాలి" రావచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు.

"'నీళ్లు కావాలి' అని చెప్పు" అని నేర్పే పద్ధతి చాలా ఇళ్లలో, కొన్ని థెరపీ గదుల్లో కూడా ఉంది. మన వాక్యంలో ఆజ్ఞ చివర వస్తుంది. పిల్లవాడి చెవిలో నిలిచేది ఎక్కువగా చివరి ముక్కే. ఫలితంగా "కావాలి అని చెప్పు" అని తిరిగి అంటాడు. అది విని అందరూ నవ్వుతారు, ఆ నవ్వు ఎందుకో అతనికి తెలియదు. ఇదే కారణంతో "అన్నం కావాలా, రొట్టె కావాలా?" అని రెండూ కలిపి అడిగినా మోసపోతాం. "రొట్టె కావాలా" అన్నాడంటే రొట్టె కోరుకున్నాడని కాదు, చివర వినబడింది అదేనేమో. రెండూ పళ్లెంలో పెట్టి చూపించండి, చేయి ఎటు వెళ్తుందో చూడండి. మాటతోనే తేల్చుకోవాలంటే వరుస మార్చి మళ్లీ అడగండి. జవాబు కూడా మారితే అది ఎంపిక కాదు.

ఇంట్లో ప్రశ్నలు తగ్గించమని నేను అందరికీ చెబుతాను. ఇదేమిటి, ఆ రంగేమిటి, మామయ్య పేరేమిటి అని చుట్టాల ముందు పరీక్ష పెట్టినప్పుడే ఈ పిల్లలు ఎక్కువగా తిరిగి చెబుతారు. అర్థం కాని ప్రశ్న, మరీ పొడవైన ప్రశ్న, గాభరా, నిద్రలేమి, జ్వరం, చెవిపోటు, వీటిలో ఏది ఉన్నా తిరిగి చెప్పడం పెరుగుతుంది. అంటే అది ఒక కొలత కూడా. మామూలు కంటే ఎక్కువగా తిరిగి చెబుతున్నాడంటే అతని చుట్టూ లేదా ఒంట్లో ఏదో బరువుగా ఉందని అర్థం. ప్రశ్నలకు బదులు జరుగుతున్నది చెప్పండి. "వాన వస్తోంది. తలుపు వేద్దాం." చెప్పాక ఆగండి. మనకు ఇబ్బందిగా అనిపించేంత సేపు ఆగండి, అతనికి అంత సమయం కావాలి.

ఆలస్యంగా వచ్చే మాటల దగ్గరే వెతుకులాట ఎక్కువ, రుచీ ఎక్కువ. మీ బాబు చెప్పే "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే" (ప్రయాణికులు దయచేసి గమనించండి) అన్న స్టేషన్ ప్రకటన గురించి నాకొక అనుమానం ఉంది, సరిచూడండి. మీ అమ్మగారి ఊరికి పార్వతీపురం మీదుగా రైల్లో వెళ్తుంటామని రాశారు. ఆ ప్రకటన మొదలైతే కాసేపట్లో రైలు, రైలు దిగితే అమ్మమ్మ. ఆరేళ్ల పిల్లవాడికి "అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం" అనడం కంటే ఆ ప్రకటన మొత్తం అప్పజెప్పడమే తేలిక కావచ్చు. అతను అది అంటున్నప్పుడు రైలు ఫొటో, అమ్మమ్మ ఫొటో రెండూ ముందు పెట్టి చూడండి. అమ్మమ్మ ఫొటో తీసుకుంటే, "అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం" అని మీరు అనండి. వెంటనే ఫోను కలిపి అమ్మమ్మ గొంతు వినిపించండి. ఒకవేళ ఏ ఫొటోనీ పట్టించుకోకుండా హాయిగా ఊగుతూ ఆ మాటలే చెప్పుకుంటుంటే, ఆ లయ అతనికి ఇష్టమై ఉంటుంది. దానికి వేరే అర్థం వెతకక్కర్లేదు. తిరిగి చెప్పే ప్రతి మాట వెనుకా ఒక సందేశం ఉండి తీరాలని కూడా పట్టుబట్టకూడదు. పెద్దవాళ్లైన ఆటిజం వ్యక్తులు ఎంతోమంది ఈ సంగతి స్వయంగా చెప్పారు. కొన్ని మాటలు నోటికి బాగుంటాయి, కొన్ని గుండె దడ తగ్గిస్తాయి.

పడుకునే ముందు ఒడియాలో అనే "చుప కరి బస" మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. మాట్లాడకుండా కూర్చో అని దాని అర్థమని మీకు తెలుసు. అది తరగతి గదిలోంచి వచ్చిన మాట. నాకు తెలిసిన ఒక పాప కూడా ఇదే మాట బస్సులో, పెళ్లి బాజాల దగ్గర, మిక్సీ తిరుగుతున్నప్పుడు అనేది. గోల ఎక్కువైనప్పుడు టీచరు అనే మాట కాబట్టి, ఆ పాపకు అది "ఈ చప్పుడు భరించలేను" అన్న మాటగా స్థిరపడింది. వాళ్లమ్మ ఆ సంగతి పట్టుకున్నాక చెవులు మూసి పక్కకు తీసుకెళ్లి "చప్పుడు వద్దు" అనడం మొదలుపెట్టింది. మీ బాబు దాన్ని ఏ గొంతుతో అంటున్నాడో వినండి. మామూలు గొంతుతో అంటే రోజంతా జరిగినదాన్ని నెమరువేసుకుంటున్నాడు. కఠినంగా, ఒళ్లు బిగించి అంటే బడిలో అతనితో ఎలా మాట్లాడుతున్నారో మీరు వెళ్లి చూడాలి. ఈ పిల్లలు జరిగింది చెప్పలేకపోయినా విన్న గొంతును ఉన్నదున్నట్టు తెస్తారు. ఆ సాక్ష్యాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కానర్ వ్యాసంలోనే ఇంకో పిల్లవాడున్నాడు. ఏదైనా విసిరేయాలనిపించినప్పుడు "కుక్కను బాల్కనీలోంచి పారేయకు" అనేవాడు. అక్కడ కుక్కా లేదు, బాల్కనీ లేదు. అంతకుముందు ఇంగ్లండులో ఉన్నప్పుడు బొమ్మ కుక్క గురించి తల్లి అన్న మాట అది. ఆమె గుర్తుచేసుకుని చెప్పకపోతే ఏ వైద్యుడికీ అర్థమయ్యేది కాదు. అందుకే ఈ పనిలో నాకంటే మీరే నిపుణులు. ఒక నోటుపుస్తకం పెట్టండి. బాబు అన్న మాట, ఆ క్షణంలో ఏం జరుగుతోంది, ఎవరున్నారు, ఆ మాట మొదట ఎక్కడ విని ఉంటాడు, మీరు ఏం చేస్తే స్థిమితపడ్డాడు, ఇవి రాసుకోండి. అత్తగారిని, పెద్ద పాపను కూడా అడగండి. టీవీ మాటల జాడ పెద్దల కంటే అక్కచెల్లెళ్లకు త్వరగా తెలుస్తుంది.

ఒక మాట విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తగా ఉండండి. పిల్లలు పడినప్పుడు మనం "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటాం. తర్వాత నొప్పి పుట్టినప్పుడు ఈ పిల్లలు అదే అంటారు. బాబు ఊరికే "ఏం కాలేదు" అంటుంటే వెంటనే ఒళ్లంతా చూడండి. పళ్లు, చెవులు, కడుపు, పాదాలు. ఇకనుంచి పడ్డప్పుడు "నొప్పిగా ఉంది, మోకాలు నొప్పిగా ఉంది" అనడం మీరు అలవాటు చేసుకోండి.

తెలుగు మానేయమన్న సలహాకు వస్తాను. మానకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనలు చూపలేదు. మీ అత్తగారికి తెలుగు తప్ప రాదు. మీకు జోలపాటా తెలుగే, కోపమూ తెలుగే. కొత్తగా కూడబలుక్కున్న ఒడియాలో మీరు రోజంతా మాట్లాడితే బాబుకు దక్కేది తక్కువ మాటలు, అతుకుల మాటలు. బడిలో ఒడియా అతనికి ఎలాగూ వస్తుంది. మన ప్రాంతంలో ఏ పిల్లవాడూ ఒక్క భాషతో పెరగడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల మాట విని విని నేర్చుకున్న నేల ఇది. ఒడియా, తెలుగు కలిపి బాబు ఒక వాక్యం అంటే సరిదిద్దకండి. మన వీధుల్లో అందరూ అలాగే మాట్లాడుతున్నారు.

ఈ మధ్య వీడియోల్లో ఒక పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. ఇలా ముక్కలుగా నేర్చే పిల్లలు ఫలానా మెట్ల మీదుగా సొంత వాక్యాలకు చేరతారని, అందుకు ఫలానా కోర్సు కొనాలని చెబుతుంటారు. పిల్లవాడి మాటను గౌరవించాలన్న దాని మూలసూత్రం నాకు నచ్చుతుంది. ముక్కలు విడిపోయి కొత్తగా అతుక్కోవడం నేనూ చూశాను. కానీ ఆ మెట్ల వరుసకు, ఆ కోర్సు ఫలితాలకు పరిశోధన బలం ఇంకా చాలా తక్కువ. అప్పు చేసి కొనవలసినవి కావు. వస నూరి నాలుకకు రాయడం, నాలుక కింద నరం కోయించడం వంటివి వద్దే వద్దు. పూర్తి రైలు ప్రకటనను స్పష్టంగా చెప్పగలిగిన నాలుకకు ఏ లోపమూ లేదు. బొమ్మల కార్డులు, ఫోనులో బొమ్మ నొక్కితే మాట వినిపించే పద్ధతులు మాత్రం ధైర్యంగా వాడండి. వాటివల్ల నోటిమాట తగ్గిపోతుందన్నది అపోహ.

వినికిడి పరీక్ష జరిగిందా అన్నది మీరు రాయలేదు. జరగకపోతే అది ముందు చేయించండి. బాగా మాట్లాడుతున్నాడు కదా అని దాన్ని వదిలేస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాల కోసం ఉండే డీఈఐసీ కేంద్రాన్ని అడగండి. అక్కడ వినికిడి పరీక్షించే యంత్రం లేకపోతే బరంపురం వైద్య కళాశాలకో విశాఖకో చీటీ రాయించుకోండి. ఉన్న మాటలు పోతున్నా, ఉన్నట్టుండి తిరిగి చెప్పడం విపరీతంగా పెరిగినా, మాట మధ్యలో చూపు నిలిచిపోయి పిలిచినా పలకకపోయినా నాలాంటివారి దగ్గరికి కాదు, పిల్లల నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆటిజం పిల్లల్లో మూర్ఛ మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

బడి సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మాటలు తిరిగి చెబుతున్నాడని బడి మాన్పించమనే అధికారం ఎవరికీ లేదు. అయినా నేను హక్కుతో మొదలుపెట్టమనను. ఒక కాగితం మీద ఒడియాలో, మీ నోటుపుస్తకంలోంచి ముఖ్యమైన నాలుగైదు మాటలు రాసి మాస్టారికి ఇవ్వండి. బాబు అనేది ఎడమవైపు, దాని అర్థం కుడివైపు. ఉదాహరణకు, "చుప కరి బస" అంటే చప్పుడు ఎక్కువైంది, వరండాలోకి పంపండి. "నీళ్లు కావాలా" అంటే దాహం. "ఏం కాలేదు" అంటే దెబ్బ తగిలింది, చూడండి. ప్రశ్న అడిగాక కాస్త ఆగమని, అందరి ముందు నిలబెట్టి అడగవద్దని కింద ఒక వాక్యం చేర్చండి. నెల తర్వాత ఆ కాగితం మార్చి రాయాల్సి వస్తుంది, ఎందుకంటే అప్పటికి కొన్ని మాటలు మారి ఉంటాయి. మారినవి ఏమిటో ఇక్కడ రాయండి, వాటిని చూసి తర్వాత ఏం వినిపించాలో చెబుతాను.